రెండు శాతం.. రామాయంపేట దాకా

కంపెనీల లాభాల్లోంచి ఏటా వేల కోట్ల రూపాయలు సేవా కార్యక్రమాలకు పోతున్నాయి. ఆ పైసలు ఎవరి చేతిలో పడతాయి? ఏ కాగితం చూసి ఇస్తారు? చిన్న పట్టణంలో పనిచేసే చిన్న సంఘానికి అందులో చోటెంత?

హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రనక పగలనక లారీలు నడుస్తుంటాయి. మందుల పెట్టెలు, సిమెంటు బస్తాలు, టైర్లు, ట్రాక్టర్లు. రామాయంపేట దగ్గర ఆ దారిని మెదక్–సిద్దిపేట రోడ్డు అడ్డంగా దాటుతుంది. ఆ సరుకు తయారుచేసే పెద్ద కంపెనీల మీద చట్టం ఒక బాధ్యత పెట్టింది: గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఆ రెండు శాతం కూడా ఈ లారీల్లాగే, రామాయంపేటలో ఆగే పనిలేకుండా దాటిపోతుంటుంది.

ఇక్కడ అవసరాలకు కరువు లేదు. వాన మీద, బోరు మీద ఆధారపడ్డ సేద్యం. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్లు. పదో తరగతి అయ్యాక ఏ దారి పట్టాలో చెప్పేవాళ్లు లేని పిల్లలు. పేదరికం, ఆరోగ్యం, చదువు, ఉపాధి, ఆడవాళ్ల సాధికారత, గ్రామీణాభివృద్ధి అన్నీ కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో రాసి ఉన్న పనులే. కానీ అవసరం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లే గుణం ఈ డబ్బుకు లేదు. ఫ్యాక్టరీ ఉన్నచోటికి వెళ్తుంది, కాగితాలు ఉన్నవాళ్లకు వెళ్తుంది. రామాయంపేటకు మొదటిది దూరం. రెండోది భారం.

జరిమానా వచ్చాక

కంపెనీల చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది 2013 ఆగస్టు 29న. కార్పొరేట్ సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) గురించి చెప్పే 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అంతకుముందు ఏడాది నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు — ఈ మూడింట్లో ఏ ఒక్క గీత తాకినా ఆ కంపెనీ దీని కిందికి వస్తుంది. లాభంలో ఇంత అని లెక్కగట్టి తీయించే పద్ధతి మనకన్నా ముందే, 2009లో, మన తెలుగువాళ్లు తరాల కింద వెళ్లి స్థిరపడ్డ మారిషస్‌లో మొదలైంది. అక్కడా అదే రెండు శాతం.

మొదటి ఏడాది, 2014-15లో, దేశమంతటా కంపెనీలు ఇలా ఖర్చు చేసింది సుమారు 10 వేల కోట్లు. 2022-23కి అది దాదాపు 30 వేల కోట్లయింది. తొలి ఏళ్లలో కొంత వెసులుబాటు ఉండేది. ఖర్చు చేయలేకపోతే కారణం నివేదికలో రాస్తే సరిపోయేది. 2021 జనవరి 22 నుంచి ఆ వెసులుబాటు పోయింది. కొనసాగుతున్న ప్రాజెక్టుకు కేటాయించిన డబ్బు మిగిలితే, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టాలి. ఏ ప్రాజెక్టుకూ కేటాయించకుండా మిగిలిపోయిందైతే ఆరు నెలల్లో ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి, షెడ్యూలులో చెప్పిన నిధులకు జమ కట్టాలి. కట్టకపోతే ఆ మొత్తానికి రెట్టింపు గానీ కోటి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది జరిమానా.

జరిమానా వచ్చాక దానం తీరే మారిపోయింది. ఇదివరకు ధర్మకర్త మనసుకు నచ్చితే చెక్కు రాసేవాడు. ఇప్పుడు ఇచ్చిన డబ్బు అనుమతించిన పనికే ఖర్చయిందని కంపెనీ ఆర్థిక విభాగం అధిపతి సంతకం పెట్టాలి. సంస్థ ఖాతాలో డబ్బు వేసినంత మాత్రాన ఖర్చు కింద లెక్క కాదు, ఆ సంస్థ దాన్ని నిజంగా వాడాలి. సంతకం పెట్టేవాడికి బాధితుల కథ కన్నా బిల్లు ముఖ్యం. అందులో అతని తప్పేమీ లేదు. అతణ్ని అలా కూర్చోబెట్టారు.

డబ్బు బయటికి వచ్చే దారులు మూడు. కంపెనీ తానే పని చేయించడం ఒకటి. సొంతంగా ఫౌండేషన్ పెట్టుకుని దాని ద్వారా చేయించడం రెండోది. బయటి సేవా సంస్థకు గ్రాంటు ఇవ్వడం మూడోది. మన పక్కన రెండో దారిలో పేరున్నది డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్. కల్లం అంజిరెడ్డి దాన్ని 1996లో, అంటే చట్టం రావడానికి చాలా ఏళ్ల ముందే మొదలుపెట్టారు. చదువు మధ్యలో ఆగిన యువతకు కొన్ని నెలల శిక్షణ ఇచ్చి ఉద్యోగంలో కూర్చోబెట్టే ‘ల్యాబ్స్’ కార్యక్రమం 1999లో అక్కడే పుట్టింది. 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన నాంది ఫౌండేషన్ వెనకా ఆయనే ఉన్నారు. చట్టం తరిమితే వచ్చిన డబ్బుకూ, ఒక మనిషి పట్టుదలతో పెట్టిన డబ్బుకూ తేడా తెలియాలంటే ఈ తేదీలు గుర్తుంచుకోవాలి. అయితే సొంత ఫౌండేషన్ ఉన్న కంపెనీ దగ్గర బయటివాళ్లకు మిగిలేది తక్కువ. అది సహజమే.

గేటు ఎంత దూరం?

కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఇది సలహా లాంటిదే, కట్టుబాటు కాదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వివరణ ఇచ్చింది. అయినా కంపెనీలు దాన్ని గట్టిగానే పట్టుకుంటాయి. పక్క ఊళ్లతో సఖ్యత వాళ్లకూ అవసరం మరి.

ఇక్కడే మెదక్ జిల్లాకు ఒక చిక్కు వచ్చిపడింది. 2016 అక్టోబరు 11న పాత జిల్లా మూడు ముక్కలైంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం, సదాశివపేట, జహీరాబాద్ — అంటే రసాయనాలు, మందులు, టైర్లు, ట్రాక్టర్లు — దాదాపు అన్నీ సంగారెడ్డి వైపు పోయాయి. మెదక్‌కు మిగిలిన పరిశ్రమల్లో ఎక్కువ భాగం దక్షిణపు కొసన, హైదరాబాద్‌ను ఆనుకుని ఉన్న మనోహరాబాద్, కాళ్లకల్, తూప్రాన్ దగ్గరే. ఐటీసీ ఆహార పదార్థాల ఫ్యాక్టరీ 2023 జనవరిలో ప్రారంభమైంది కూడా మనోహరాబాద్‌లోనే. అక్కడి నుంచి చేగుంట, నార్సింగి దాటి పైకి వస్తే గానీ రామాయంపేట రాదు. కంపెనీవాళ్లు పటంలో ఫ్యాక్టరీ చుట్టూ గీసుకునే వలయం సాధారణంగా ఇంత దూరం రాదు.

పోనీ వెనకబడిన జిల్లా అన్న పేరైనా కలిసొస్తుందా అంటే, అదీ లేదు. ప్రభుత్వ రంగ సంస్థలు ఆకాంక్షిత జిల్లాలకు మొగ్గు చూపాలని కేంద్రం 2018లో చెప్పింది. తెలంగాణ నుంచి ఆ జాబితాలో ఉన్నవి మూడే: ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. మెదక్‌కు ఫ్యాక్టరీల కలిమీ పూర్తిగా లేదు, వెనకబాటు ముద్రా లేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటామే, అది.

ఫ్యాక్టరీ దగ్గరుండటం వరమే అనుకునేవాళ్లు నక్కవాగు వైపు ఒకసారి చూడాలి. పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల కాలుష్యం మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయిన సంగతి పాత మెదక్ జిల్లా జనం మరచిపోలేదు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని కంపెనీ ఈ రెండు శాతం ఖాతాలో రాసుకోకూడదని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. పాడైన వాగును బాగుచేయడం ఒక బాకీ, బడికి బెంచీలు ఇవ్వడం వేరే సంగతి. ఆ రెండూ ఒకే ఫ్లెక్సీ మీద కనబడితే అనుమానించాల్సిందే.

ఒక సాయంత్రపు బడి, అనుకుందాం

ఇప్పుడు ఒక ఊహ. రామాయంపేటలో పది మంది కలిశారు: ఇద్దరు రిటైరైన పంతుళ్లు, ఒక అంగన్‌వాడీ టీచరు, బీడీలు చుట్టే కొందరు తల్లులు, ఊళ్లోనే ఉండిపోయిన డిగ్రీ పిల్లలు. బీడీ కార్మికుల పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పే ఒక చిన్న కేంద్రం పెట్టారు. బడి నుంచి రాగానే బీడీల మూతులు మడవడానికి కూర్చునే పిల్ల, ఆ రెండు గంటలు పుస్తకం పట్టుకుంటే చాలన్నది వాళ్ల ఆశ. కంపెనీ గ్రాంటు అడుగుదామనుకున్నారు.

మొదట సంఘం నమోదు కావాలి. అది పెద్ద కష్టమేమీ కాదు, ఏడుగురు సభ్యులుంటే చాలు. సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. ఆదాయపు పన్ను శాఖ దగ్గర ‘ట్వెల్వ్ ఏ’ రిజిస్ట్రేషన్, ‘ఎయిటీ జీ’ ఆమోదం. ఇవి ఒకప్పుడు ఒకసారి తీసుకుంటే ఉండిపోయేవి. 2021 తర్వాత గడువు పెట్టి పునరుద్ధరించుకోమంటున్నారు. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్లో నంబరు. ఆపైన, 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన ‘సీఎస్ఆర్-1’ ఫారం. దాన్ని చార్టర్డ్ అకౌంటెంటో, కంపెనీ సెక్రటరీయో, కాస్ట్ అకౌంటెంటో డిజిటల్ సంతకంతో ధ్రువీకరిస్తేనే నంబరు వస్తుంది. ఆ నంబరు లేని సంస్థకు కంపెనీ ఇచ్చిన పైసా ఈ ఖాతాలోకి రాదు.

అన్నిటికన్నా గట్టి గడప ఇంకొకటుంది. ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం చూపించాలి. అనుభవమంటే ఇక్కడ ఆడిట్ అయిన మూడేళ్ల లెక్కలు. డబ్బు లేకుండా మూడేళ్లు నడపాలి, నడిపినట్టు లెక్కలు రాయించాలి, అప్పుడు డబ్బు అడగాలి. కంపెనీయో ప్రభుత్వమో స్వయంగా పెట్టిన సంస్థలకు ఈ మూడేళ్ల నిబంధన లేదు. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుండే ఈ పేచీలోంచి మన పది మంది ఎలాగో బయటపడ్డారనుకుందాం. పంతుళ్లు పింఛనులోంచి తలా ఇంత వేసుకున్నారు. మెదక్‌లో ఒక ఆడిటరు దయదలిచి తక్కువ ఫీజుకు ఒప్పుకున్నాడు. దరఖాస్తు వెళ్లింది. హైదరాబాద్ నుంచి ప్రోగ్రామ్ ఆఫీసర్ చూడటానికి వచ్చింది. మంచి పిల్ల. సోషల్ వర్క్ చదివింది. ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. అంగన్‌వాడీ టీచరు జవాబులు చెబుతోంది.

“పిల్లలు రోజుకు ఎంతమంది వస్తారమ్మా?”

“ముప్పై, ముప్పై ఐదు మంది వస్తరు మేడం. నాట్లప్పుడు జర తక్కువొస్తరు.”

“అటెండెన్స్ రిజిస్టర్ మెయింటెయిన్ చేస్తున్నారా?”

“రాస్తం మేడం. ఒక్కొక్కసారి చదువు చెప్పుకుంట రాసుడు మర్చిపోతం.”

“మీరు మొదలుపెట్టినప్పుడు పిల్లల లెవెల్ ఏంటి, ఇప్పుడు ఏంటి? బేస్‌లైన్ ఏమైనా తీశారా?”

“అదేందో తెల్వది మేడం. గని మొదాల ఆ పిల్లకు అక్షరం రాకుండె. ఇప్పుడు వాళ్లమ్మకు బీడీ కార్ఖాన కార్డు చదివి చెప్తుంది. కంపెనోడు ఎన్ని బీడీలు తీసిపారేసిండో లెక్కజెప్తుంది.”

ఈ ఆఖరి జవాబులో ఉన్నంత ఫలితం పదిపేజీల నివేదికలో కూడా దొరకదు. కానీ ల్యాప్‌టాప్‌లోని పట్టికలో దానికి గడి లేదు. ఆఫీసర్ ఆ మాట విని నవ్వుతుంది, కాయితం మీద ఎక్కడో ఒక మూల రాసుకుంటుంది, పట్టికలో మాత్రం ‘లేదు’ అని నొక్కుతుంది. రేపు ఆమెను వాళ్ల మేనేజరు అడిగేది ఆ పట్టికే. వాళ్ల మేనేజర్ని కమిటీ అడిగేదీ అదే.

జీతాలకు ఇయ్యం, సామాన్లకు ఇస్తం

తర్వాతది బడ్జెట్. మన సాయంత్రపు బడికి ఏడాదికి ఎంత కావాలి? చెప్పడానికి ఇద్దరు అమ్మాయిలు, నెలకు తలా 6 వేలు: లక్షా 44 వేలు. గది కిరాయి నెలకు 2,500: 30 వేలు. కరెంటు, నోటుపుస్తకాలు, చాక్‌పీసులు: 40 వేలు. లెక్కలు రాసే మనిషికీ ఆడిటరుకూ కలిపి 36 వేలు. మొత్తం రెండున్నర లక్షలు.

ఇందులో జీతాలు, కిరాయి, లెక్కల ఖర్చు కలిపితే 2 లక్షల 10 వేలు. అంటే 84 శాతం. చాలా ఫౌండేషన్ల కళ్లకు ఇది నిర్వహణ ఖర్చులా కనిపిస్తుంది. ‘ఇంత అడ్మినా?’ అంటారు. బడి అంటేనే టీచరు కదా అన్న సంగతి చెప్పడానికి మన సంఘానికి ఇంగ్లీషు రాదు, వచ్చినా ధైర్యం చాలదు.

ఈ చూపుకు మూలం ఎక్కడో ఉంది. కంపెనీ తన పాలనా ఖర్చుల కింద మొత్తం సీఎస్ఆర్ వ్యయంలో 5 శాతానికి మించి రాసుకోకూడదని నిబంధన. అది కంపెనీ సొంత సీఎస్ఆర్ విభాగాన్ని నడపడానికి పెట్టిన హద్దు. ఆచరణలో అదే ఐదు శాతాన్ని గ్రాంటు పుచ్చుకునే సంస్థల నెత్తిన కూడా పెడుతున్నారు. సంస్థలు ఏం చేస్తాయి? అకౌంటెంటు జీతాన్ని ‘కమ్యూనిటీ మొబిలైజేషన్’ అని రాస్తాయి. కిరాయిని ‘లెర్నింగ్ సెంటర్ సపోర్ట్’ అంటాయి. అందరికీ తెలుసు, అందరూ ఒప్పుకుంటారు. ఈ భాష నేర్చినవాళ్లకు గ్రాంటు వస్తుంది. హైదరాబాద్‌లో ఈ భాష నేర్చిన సంస్థలున్నాయి, నేర్పే కన్సల్టెంట్లున్నారు. రామాయంపేటలో లేరు.

ఇంకో లెక్క కూడా కంపెనీ పక్క నుంచి చూడాలి. రెండున్నర లక్షల గ్రాంటుకైనా, కోటి రూపాయల గ్రాంటుకైనా కాగితాల పరిశీలన అంతే, లాయరు చూసే ఒప్పందం అంతే, విడతల వారీ నివేదికలు అంతే, వచ్చిపోయే కారు ఖర్చు అంతే. ముగ్గురు మనుషులున్న సీఎస్ఆర్ విభాగం ఏడాదికి ఇరవై కోట్లు ఖర్చు పెట్టాలంటే రెండున్నర లక్షల ముక్కలు ఎన్ని వెతకాలి? ఎనిమిది వందలు. ఎవరికీ కుదరదు. అందుకే పెద్ద కంపెనీ పెద్ద సంస్థనే వెతుక్కుంటుంది. చిన్న సంఘాన్ని వాళ్లు చిన్నచూపు చూడటం ఇందులో తక్కువ, చేతుల్లో మనుషులు లేకపోవడమే ఎక్కువ.

అందుకని సామాన్లు. బెంచీలు, ట్యాబులు, స్కూలు బ్యాగులు, డిజిటల్ బోర్డులు, నీళ్ల ప్లాంట్లు. వీటికి బిల్లు ఉంటుంది, ఫొటో ఉంటుంది, లోగో వేసే జాగా ఉంటుంది.

నీళ్ల ప్లాంటు సంగతి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే తెలంగాణ పల్లెల్లో కంపెనీ దానానికి అదే మారుపేరైపోయింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఊళ్లకు అది నిజంగా ప్రాణం పోసింది. వరంగల్ పక్కన బాలవికాస చేసినట్టు చేస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. అక్కడ ఊరు ముందు తన వాటా కడుతుంది, కమిటీ వేసుకుంటుంది, నీళ్లకు ఇంతని రేటు పెట్టుకుంటుంది, వచ్చిన పైసలతో ఫిల్టర్లు మార్చుకుంటుంది. గీసుకొండ మండలం గంగదేవిపల్లి అందుకే పేరు తెచ్చుకుంది. కంపెనీ ఒక్కటే వచ్చి, ప్లాంటు బిగించి, రిబ్బను కత్తిరించి పోయినచోట మొదటిసారి మెంబ్రేన్ చెడిపోయినరోజే తాళం పడుతుంది. ప్లాంటు లాంటి ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు. పంచాయతీకో, నమోదైన సంఘానికో, లబ్ధిదారుల బృందానికో అప్పగించాలి. అప్పగింత కాగితం ఉంటుంది. ఫిల్టర్ మార్చడానికి బడ్జెట్ ఉండదు. పైగా 2016 ఆగస్టు 7న మన పొరుగునే గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమయ్యాక, ఇంటికి నల్లా వచ్చాక ఊళ్ల నీటి అవసరమే మారింది. మూడేళ్ల ప్రణాళికలు వేసుకునేవాళ్లు ఈ మార్పును చూడలేకపోయారు.

సత్యం కూలిన నాడు

కంపెనీ డబ్బు మీద ఎంతవరకు ఆనుకోవచ్చో తెలుగువాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. సత్యం కంప్యూటర్స్ రాజు సోదరులు తండ్రి పేరు మీద 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టారు. గోదావరి జిల్లాల పల్లెల్లో ఆరోగ్యం, మంచినీళ్లు, చదువు, ఊళ్లోనే కంప్యూటర్ ఉద్యోగాలు అంటూ పెద్ద ఎత్తున పని జరిగింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ కూడా రామలింగరాజు తలపెట్టిన ఈఎంఆర్ఐదే. 2009 జనవరి 7న కంపెనీ లెక్కలను ఏళ్ల తరబడి పెంచి చూపించామని ఆయనే ఉత్తరం రాశారు.

అప్పుడేమైందో గమనించాలి. ఫౌండేషన్ పనులకు ఊట ఎండిపోయింది. 108 మాత్రం ఆగిపోలేదు. ఎందుకంటే ఆ బండ్ల నడిపింపు ఖర్చులో అత్యధిక భాగాన్ని అప్పటికే ప్రభుత్వం ఒప్పందం ప్రకారం భరిస్తోంది. కంపెనీ పక్క నుంచి వచ్చే వాటా, నాయకత్వం లేకుండాపోయాయి. ఆ చోటులోకి జీవీకే వచ్చింది. ఈరోజుకీ రామాయంపేట దగ్గర హైవే మీద యాక్సిడెంట్ అయితే జనం నొక్కేది ఆ మూడు అంకెలే. కంపెనీ డబ్బు విత్తనంగా పడి, ప్రజల డబ్బు నీళ్లుగా పారినచోట పని నిలబడింది. ఒక్క కంపెనీనే నమ్ముకున్న పని ఆ కంపెనీతో పాటే పోయింది. పెద్ద ఫౌండేషన్ల బోర్డు గదుల్లో ఈ కథ చెప్పుకుంటారో లేదో గానీ, చెప్పుకోవాల్సిన కథ.

ఇంకో రకం డబ్బు ఉంది. అజీమ్ ప్రేమ్‌జీ 2019 మార్చిలో తన విప్రో వాటాల్లో మరికొంత రాబడిని దానానికి రాసిచ్చాక, ఆయన ఫౌండేషన్‌కు కేటాయించిన మూలధనం అప్పటి విలువలో 1.45 లక్షల కోట్లకు చేరింది. టాటా సన్స్‌లో మూడింట రెండొంతుల దాకా వాటా టాటా ట్రస్టులదే. ఇవి ఏటా లాభంలోంచి తీసే రెండు శాతం కావు. మూలధనం వాళ్లదే కాబట్టి మార్చి 31 భయం ఉండదు. ఒక సంస్థకు ఏళ్ల తరబడి తోడుండే ఓపిక అలాంటి డబ్బుకే ఉంటుంది.

ఓపిక ఎంత అవసరమో పాత మెదక్ జిల్లాకే తెలుసు. జహీరాబాద్ పక్క పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. పేద దళిత ఆడవాళ్ల సంఘాలు బీడు భూముల్లో జొన్న, కొర్ర, కంది కలిపి పండించాయి, విత్తనాలు దాచుకున్నాయి, 2008లో సొంత రేడియో పెట్టుకున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. దాని వెనకున్న పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. మొదటి మూడేళ్లలో ఏం ఫలితం చూపించారని అడిగి ఉంటే ఆ ఆడవాళ్ల దగ్గర చూపించడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదేమో. అలాంటి సంస్థ మళ్లీ పుట్టే దారులు ఇప్పుడు ఇరుకయ్యాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో, ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వడం కుదరదు. పట్నంలో పెద్ద సంస్థ తెచ్చి పల్లెలో చిన్న సంఘానికి ఇచ్చే పాత వరస అక్కడ తెగింది. చిన్న సంఘాలకు మిగిలింది ఇంట్లోవాళ్ల చందాలు, లేదా ఈ రెండు శాతం.

పది లక్షల కంపెనీ

మరి రామాయంపేట ఏం చేయాలి? పెద్ద పేర్ల వెంటపడటం మానేయాలని నా అభిప్రాయం. బంజారాహిల్స్‌లో అద్దాల మేడ ఉన్న ఫౌండేషన్‌కు రెండున్నర లక్షల దరఖాస్తు పంపితే, ఆ దరఖాస్తు చదివే జీతమే దానికన్నా ఎక్కువ.

చూడాల్సింది కింది మెట్టు మీదున్న కంపెనీల వైపు. సగటు లాభం 5 కోట్లున్న కంపెనీ ఏడాదికి ఖర్చు పెట్టాల్సింది 10 లక్షలు. ఈ బాధ్యత 50 లక్షల లోపు ఉంటే ప్రత్యేకంగా సీఎస్ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, డైరెక్టర్ల బోర్డే నిర్ణయిస్తుంది. అంటే సగటు లాభం 25 కోట్ల దాకా ఉన్న కంపెనీల్లో ఈ పనికి వేరే విభాగం ఉండాల్సిన పనిలేదు. ఎండీ, హెచ్ఆర్ మేనేజరు, కంపెనీ సెక్రటరీ కూర్చుని తేలుస్తారు. పది లక్షలు ఎక్కడ పెట్టాలో తెలియక వాళ్లకే తలనొప్పి. అలాంటివాళ్లకు రెండున్నర లక్షలు అడిగే సంఘం భారం కాదు, సరిగ్గా సరిపోయే కొలత. తూప్రాన్, మనోహరాబాద్ వైపు షెడ్లలో ఈ స్థాయి కంపెనీలను వెతకాలి. వాటి పేర్లు, అవి ఏం ఖర్చు పెట్టాయి, ఏ రంగంలో పెట్టాయి అన్నది కేంద్రం నడిపే జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు.

ఇక్కడ ఒక ఫిర్యాదు కూడా ఉంది నాకు. 2021లో తెచ్చిన నమూనా ప్రకారం కంపెనీ వార్షిక నివేదికలోనే ప్రతి ప్రాజెక్టు పేరు, జిల్లా, అది స్థానిక ప్రాంతమా కాదా, ఏ సంస్థ ద్వారా చేశారు, దాని సీఎస్ఆర్ నంబరు ఏంటి అన్నీ పట్టికగా వచ్చేవి. 2022లో ఆ పట్టికను కుదించారు. వివరాలు ఇప్పుడు సీఎస్ఆర్-2 అనే ఫారంలో ప్రభుత్వానికి వెళ్తున్నాయి. కంపెనీలకు పని తగ్గింది. ఊరికొక సంఘం పెట్టుకుని, ఎవరు ఎవరికి ఇస్తున్నారో తెలుసుకోవాలనుకునేవాళ్లకు పని పెరిగింది.

సంఘాలు కూడా ఒకటికి నాలుగు అన్నట్టు విడివిడిగా నమోదు కావడం తగ్గాలి. మండలంలో చదువు మీద ఒకటి, బీడీ కార్మికుల కోసం ఒకటి, వృద్ధుల కోసం ఇంకొకటి ఉండి, ఏ ఒక్కదానికీ ఆడిటరు ఫీజు కట్టే తాహతు లేకపోతే లాభమేంటి? ఒక్క సొసైటీ, ఒక్క ఆడిట్, ఒక్క సీఎస్ఆర్ నంబరు, లోపల నాలుగు పనులు. కంపెనీల వైపు కూడా నిబంధనలు ఆ వీలు ఇచ్చాయి: విడిగా లెక్క చూపగలిగితే రెండు మూడు కంపెనీలు కలిసి ఒకే ప్రాజెక్టుకు డబ్బు పెట్టవచ్చు. ‘కొనసాగే ప్రాజెక్టు’ అని బోర్డు తీర్మానిస్తే మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్లు నడిపే అవకాశమూ చట్టంలోనే ఉంది. అడిగేవాళ్లు ఆ మాట పేరు పెట్టి అడగాలి. ఏడాదికోసారి చేయిచాచే సంఘానికి టీచరు నిలవదు.

ఇక వేళ. బోర్డులు ఏడాది కార్యాచరణ ప్రణాళికను ఆర్థిక సంవత్సరం మొదట్లో ఆమోదించుకుంటాయి. కాబట్టి కాగితం సంక్రాంతి తర్వాత, మార్చిలోపు వాళ్ల టేబులు మీద ఉండాలి. జూన్‌లో పోతే ‘పై ఏడు చూద్దాం’ అంటారు. మార్చి ఆఖరి వారంలో పోతే ఒక్కోసారి అదృష్టం తన్నుకొస్తుంది, మిగిలిన సొమ్మును గడువులోపు ఖర్చు చూపించాలి కాబట్టి. అయితే ఆ వారంలో కొని, బిల్లు తీసుకుని, ఫొటో దిగి ముగించగలిగేది బెంచీలే. టీచరు జీతం నెల నెలా ఖర్చవుతుంది, మార్చి 31కి పూర్తికాదు.